పాకాల లైన్లో చిన్న స్టేషన్ ఎందుకు మూతపడుతుంది?

‘జనం ఎక్కట్లేదని స్టేషన్ ఎత్తేశారు.’ పల్లెటూరి స్టేషన్ మూతపడిన ప్రతిచోటా వినపడే మాట ఇది. రైల్వే ఫైల్లో కూడా దాదాపు ఇదే ఉంటుంది, కాకపోతే ‘ఆదాయం చాలదు’ అని రాసుంటారు. అబద్ధమేం కాదు గానీ, అది కథలో చివరి పేజీ. మీటర్‌గేజీ (పట్టాల మధ్య దూరం ఒక మీటరే) రోజుల్లో మన చిత్తూరు వైపు కట్టిన చిన్న స్టేషన్లలో చాలావాటిని ఊరి జనాన్ని చూసి కట్టలేదు, బండికి అవసరమై కట్టారు. ఎదురొచ్చే బండికి దారివ్వాలి, ఇంజనుకు నీళ్లు పట్టాలి, నాలుగు వ్యాగన్ల వేరుశనక్కాయో బెల్లమో ఎక్కించాలి. ఎలాగూ బండి ఆగుతోంది కదా అని జనం ఎక్కారు. ఆ అవసరాలు ఒక్కొక్కటే తీరిపోయాక స్టేషనుకు మిగిలింది ఆ జనమే. కేవలం వాళ్ల టికెట్ల డబ్బుతో లెక్క కడితే చిన్న స్టేషన్ ఏదీ నిలబడదు. ఎప్పుడూ నిలబడలేదు కూడా.

ఈ చిక్కుముడి విప్పాలంటే లైను దగ్గర మొదలుపెట్టాలి.

పాత చిత్తూరు జిల్లాలో రైలు రెండు రకాలుగా వచ్చింది. ముందొచ్చింది మద్రాసు రైల్వే వాళ్ల బ్రాడ్‌గేజీ. అరక్కోణం నుంచి పుత్తూరు మీదుగా రేణిగుంట, అక్కడి నుంచి కడప వైపు 1860లలోనే పడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 1880ల చివరా 1890ల తొలి ఏళ్లలోనూ, సౌత్ ఇండియన్ రైల్వే కాలంలో మీటర్‌గేజీ జాలం అల్లుకుంది. విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు మీదుగా పాకాలకు ఒకటి, పాకాల నుంచి పీలేరు, మదనపల్లె రోడ్, కదిరి మీదుగా ధర్మవరానికి ఒకటి, పాకాల నుంచి తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా గూడూరుకు ఇంకొకటి. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో ఏర్పడింది. చిత్తూరు, తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1876–78 నాటి కరువు తర్వాత 1880లో ఫామిన్ కమిషన్ మెట్ట ప్రాంతాలకు ధాన్యం చేరేలా రైలు మార్గాలు వేయమని చెప్పిన కాలం అది. తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం వేయాలి, అందుకే మీటర్‌గేజీ. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజీకి అది 1676.

తక్కువ ఖర్చు అంటే కొండను తొలవకుండా చుట్టి పోవడం, పట్టణం కోసం లైనును వంచకుండా పట్టణాన్నే లైను దగ్గరికి రమ్మనడం. మదనపల్లె రోడ్ అనే పేరు చూడండి. ఆ స్టేషన్ ఉన్నది మదనపల్లెలో కాదు, పట్టణానికి సుమారు పది కిలోమీటర్ల అవతల సీటీఎం అనే ఊరి దగ్గర. రైల్వే భాషలో పేరు చివర ‘రోడ్’ వచ్చిందంటే ‘ఆ ఊరికి పోవాలంటే ఇక్కడ దిగి రోడ్డు పట్టండి’ అని అర్థం. తిరుపతి సముద్ర మట్టానికి 150 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తు ఎక్కాల్సిన లైను ఊళ్లను వెతుక్కుంటూ తిరగలేదు, వాలు ఎటు ఉంటే అటే పోయింది. తాలూకా కేంద్రానికే ఈ గతి పట్టినప్పుడు మధ్యలో పల్లెలను ఎవరు లెక్కపెడతారు?

ఎనిమిది కిలోమీటర్ల లెక్క

తిరుపతి నుంచి పాకాల 42 కిలోమీటర్లు. మధ్యలో పాతకాలం నుంచీ వినపడే పేర్లు చంద్రగిరి, కోటాల, పనపాకం, ముంగిలిపట్టు. ఈ నాలుగు స్టేషన్లు దారిని ఐదు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్క సగటున ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లు ఇంత కొలిచినట్టు పుట్టవు. ఈ కొలత సింగిల్ లైనుది.

సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఉన్న ముక్కను బ్లాక్ సెక్షన్ అంటారు. అందులో ఒకసారికి ఒక్క బండే ఉండాలి. ఎదురెదురు బండ్లు తప్పుకోవాలంటే ఏదో ఒక స్టేషన్లో లూప్ లైను ఉండాలి. ఒక బండి లూపులోకి పోయి నిలబడితే రెండోది మెయిన్ మీద పోతుంది. ‘క్రాసింగు పడింది’ అని ప్రయాణికులు విసుక్కునేది దీన్నే. సెక్షన్ ఎంత పొడవుంటే క్రాసింగుకు అంత సేపు కాచుకోవాలి, రోజుకు నడిచే బండ్లు అంత తగ్గుతాయి.

ఎంత తగ్గుతాయో తేల్చడానికి రైల్వేలో స్కాట్ సూత్రం వాడతారు. రోజులో 1440 నిమిషాలు. ఆ సెక్షన్‌ను అన్నిటికన్నా నెమ్మది బండి దాటే నిమిషాలకు, లైన్ క్లియర్ (సెక్షన్ ఖాళీగా ఉంది, బండి పంపవచ్చు అన్న అనుమతి) ఇచ్చిపుచ్చుకునే నిమిషాలు కలపాలి. ఆ మొత్తంతో 1440ని భాగించి, వచ్చిన దాన్ని 0.7తో గుణించాలి. మిగతా ముప్పై శాతం మరమ్మతులకూ ఆలస్యాలకూ వదిలేసినట్టు. ఇప్పుడు లెక్క వేద్దాం. ఎనిమిది కిలోమీటర్ల సెక్షన్‌ను మీటర్‌గేజీ బండి గంటకు 30 కిలోమీటర్ల చొప్పున పోతే 16 నిమిషాలు, లైన్ క్లియర్‌కు 5, మొత్తం 21. రెండు వైపులా కలిపి రోజుకు 48 బండ్లు. మధ్యలో ఒక స్టేషన్ తీసేస్తే సెక్షన్ 16 కిలోమీటర్లవుతుంది, సమయం 37 నిమిషాలు, బండ్లు 27కు పడిపోతాయి. దాదాపు సగం. కాబట్టి ఆ రోజుల్లో ఒక్క మనిషి ఎక్కకపోయినా ఆ స్టేషన్‌ను మూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఇప్పుడు బ్రాడ్‌గేజీ వచ్చిందనుకోండి. బండి సగటు గంటకు 60 అయింది. 16 కిలోమీటర్లకు 16 నిమిషాలు, లైన్ క్లియర్‌కు 5, మొత్తం మళ్లీ 21. బండ్లు మళ్లీ 48. అంటే వేగం రెట్టింపైతే స్టేషన్ విడిచి స్టేషన్ ఎత్తేసినా లైనుకు వచ్చే నష్టం సున్నా. చిన్న స్టేషన్ ప్రాణం ఈ లెక్కలో ఉంది. ఊళ్లో జనం పెరిగారా తగ్గారా అన్నది ఇందులో ఎక్కడా రాదు.

లైన్ క్లియర్ అనే మాట దగ్గర కాస్త ఆగాలి, స్టేషన్లో మనుషులు ఎందుకు కావాలో అక్కడే తెలుస్తుంది. పాత పద్ధతిలో ప్రతి సెక్షన్‌కు రెండు కొసల్లో రెండు టోకెన్ పెట్టెలు ఉండేవి. నీల్స్ బాల్ టోకెన్ అంటారు. లోపల ఇనుప గుండ్లు. రెండు పెట్టెలకూ తీగ కలిపి ఉంటుంది. ఒక స్టేషన్ మాస్టరు గంట కొట్టి అడిగితే, అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపు నుంచి కరెంటు పంపితేనే ఇవతల గుండు బయటికొస్తుంది. ఒక గుండు బయట ఉన్నంతసేపూ రెండు పెట్టెల్లో ఏదీ రెండో గుండు ఇవ్వదు. ఆ గుండును తోలు సంచిలో పెట్టి, వెదురు రింగుకు కట్టి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి ఎత్తి పట్టుకుంటే, డ్రైవరు నెమ్మదిగా పోతూ చేయి దూర్చి అందుకుంటాడు. పాత సెక్షన్ గుండున్న రింగును కింద పడేస్తాడు. గుండు చేతిలో లేనిదే సెక్షన్లోకి పోకూడదు.

ఇందులో చిక్కులు కూడా ఇనుప గుండంత గట్టివే. రింగు అందకపోతే బండి ఆపాలి, ఎత్తు మీద ఆపితే మళ్లీ లాగడానికి ఆపసోపాలు. పడేసిన రింగు తుమ్మ పొదల్లో పడితే, అది దొరికేదాకా పెట్టె తెరుచుకోదు. అప్పుడు కాగితం మీద లైన్ క్లియర్ రాసివ్వాలి, ప్రతి అంకె ఫోనులో సరిచూసుకోవాలి. ఒక వైపు ఎక్కువ బండ్లు పోతే గుండ్లన్నీ ఒక కొసన పోగై, రెండో కొసన పెట్టె ఖాళీ అవుతుంది. సిగ్నల్ మెయింటెయినర్ వచ్చి లెక్క రాసి గుండ్లు మోసుకుపోయి సర్దాలి.

సిగ్నల్ రెక్కలది ఇంకో బాధ. మీట లాగితే వందల మీటర్ల తీగ కదిలి రెక్క కిందికి వాలుతుంది. మే నెల ఎండకు తీగ సాగుతుంది. అప్పుడు మీట పూర్తిగా లాగినా రెక్క సగమే వాలుతుంది. ఎండలో తీగ బిగిస్తే రాత్రి చల్లబడి కుంచించుకుపోయి, మీట ముట్టకుండానే రెక్క కాస్త కిందికి దిగుతుంది. వాలిన రెక్క అంటే ‘రావచ్చు’ అని అర్థం కాబట్టి అది ప్రమాదం. అందుకే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీగ సరిచూసేవారు. సాయంత్రం కిరసనాయిలు దీపాలు పట్టుకుని ల్యాంప్‌మన్ స్తంభాలెక్కేవాడు. ఆ రెక్కకు పచ్చ అద్దం ఉంటుందనుకుంటాం. దగ్గరగా చూస్తే అది నీలి రంగు. కిరసనాయిలు మంట పసుపు, నీలి అద్దంలోంచి చూస్తే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. మూతపడిన స్టేషన్ల దగ్గర పాత సామానులో నీలి అద్దం ముక్క కనపడితే అది ఎక్కడిదో ఇక సందేహం అక్కర్లేదు.

ఇదంతా ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు మాస్టర్లు, వారపు సెలవుకు ఇంకొకరు, షిఫ్టుకు ఒకరిద్దరు పాయింట్స్‌మెన్, ల్యాంప్‌మన్. పని తక్కువున్న చోట పన్నెండు గంటల డ్యూటీ వేసి మాస్టర్లను తగ్గించేవారు. ఎంత తగ్గించినా ఆరుగురో ఏడుగురో తప్పరు. వాళ్ల క్వార్టర్లు, వాళ్లకు బావి. ఇంత ఖర్చు ఊరి టికెట్ల మీద ఎన్నడూ గిట్టలేదు, గిట్టాలని ఎవరూ అనుకోలేదు. క్రాసింగు కోసం పెట్టిన ఖర్చు అది.

నీళ్లూ మూటలూ

ఆవిరి ఇంజను సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. చివరి దశలో ఈ లైన్లలో తిరిగిన వైపీ రకం ప్యాసింజర్ ఇంజను టెండర్లో (వెనక తగిలించే బొగ్గు, నీళ్ల బండిలో) మూడు వేల గాలన్ల నీళ్లు పడతాయి. ఎత్తు ఎక్కుతుంటే అవి ఇట్టే అయిపోతాయి. నీళ్లు ఉంటే చాలదు, మంచి నీళ్లయి ఉండాలి. మన మెట్ట బావుల్లో సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే బాయిలరు గొట్టాలకు పొర కడుతుంది, వేడి నీటికి చేరదు, బొగ్గు ఎక్కువ మండుతుంది, చివరికి గొట్టం పగులుతుంది. అందుకే మంచి బావి పడిన చోటో, చెరువు కింద భూమిలోనో స్టేషన్ పెట్టారు, ఊరు అర మైలు అవతల ఉన్నా సరే. డీజిల్ వచ్చిన రోజున ఆ బావి పని అయిపోయింది.

సరుకు కథ ఇంతకన్నా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఊరికి స్టేషన్ వల్ల నిజంగా లాభం కలిగింది అక్కడే. దామలచెరువు మామిడి, చిత్తూరు బెల్లం, మదనపల్లె వైపు చింతపండు, అన్ని చోట్లా వేరుశనక్కాయ. ఒక రైతు పది బుట్టలు పార్శిల్ వేయవచ్చు, ఒక వ్యాపారి ఒకటి రెండు వ్యాగన్లు బుక్ చేసుకోవచ్చు. గూడ్సు బండి ఆగి, వ్యాగన్ తగిలించుకుని పోయేది. అయితే మీటర్‌గేజీ మీద ఎక్కిన మూట మద్రాసు వైపు పోవాలంటే రేణిగుంటలోనో కాట్పాడిలోనో గూడూరులోనో బ్రాడ్‌గేజీ వ్యాగన్లోకి మార్చాలి. ప్రతి మార్పుకూ కూలీ, ఆలస్యం, పగిలిన బుట్టలు. లారీలు పెరిగాక ముందు జారిపోయింది ఈ సరుకే. 1980లలో రైల్వే తన వైపు నుంచి కూడా తలుపు మూసింది. చిల్లర మూటలు, ఒకటీ అరా వ్యాగన్లు వద్దు, పూర్తి రేకు ఉంటేనే రండి అన్నది. రేకు అంటే నలభై వ్యాగన్లు, రెండు వేల టన్నులకు పైమాట. పల్లె స్టేషన్లో అంత సరుకు ఒక్క రోజున ఎవరు తెస్తారు? గూడ్సు షెడ్డుకు తాళం పడింది. స్టేషన్ మూతపడటానికి అసలు మొదలు ఇది. కానీ ప్యాసింజర్ ఇంకా ఆగుతోంది కాబట్టి ఎవరికీ మూత అనిపించలేదు.

పట్టాలు మారిన రోజు

1992లో లైన్లన్నిటినీ ఒకే గేజీకి తెచ్చే యూనిగేజ్ పథకం మొదలైంది. 2000 దశకం తొలి ఏళ్లకు కాట్పాడి–తిరుపతి వైపు, 2010 నాటికి పాకాల–ధర్మవరం వైపు బ్రాడ్‌గేజీ అయిపోయాయి. గేజీ మార్పిడి అంటే పట్టాను 676 మిల్లీమీటర్లు పక్కకు జరపడమే అనుకుంటారు కొందరు. పట్టాల కింద అడ్డంగా వేసే మీటర్‌గేజీ చెక్క స్లీపరు పొడవు ఆరడుగులు, బ్రాడ్‌గేజీ సిమెంటు స్లీపరు తొమ్మిదడుగులు. కట్ట వెడల్పు చాలదు, కంకర చాలదు, బరువైన బండ్లకు పాత వంతెనలు చాలవు. నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి, లైను మొత్తం మూసి పని చేశారు. అన్నేళ్లూ జనం బస్సులకూ షేర్ ఆటోలకూ అలవాటు పడ్డారు. పాకాల లైను పక్కనే పీలేరు–తిరుపతి రోడ్డు, పూతలపట్టు–తిరుపతి రోడ్డు మెరుగయ్యాయి. ఒకసారి బస్సు వేళలు అలవాటైన మనిషి మళ్లీ రోజుకు రెండు బండ్ల వేళలకు రాడు.

దీనికన్నా తెలియని కారణం ఇంకొకటి ఉంది. మీటర్‌గేజీ లూపు పొట్టిది. బ్రాడ్‌గేజీలో క్రాసింగు లూపు కనీసం 686 మీటర్లు ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు, పూర్తి గూడ్సు బండి ఇమడాలి కదా. పైగా స్టేషన్ యార్డులో వాలు 400 మీటర్లకు ఒక మీటరు కన్నా మించకూడదు, 1200కు ఒకటి ఉంటే మంచిదంటారు. విడదీసి నిలబెట్టిన వ్యాగన్ దానంతటదే దొర్లిపోకుండా ఈ నియమం. కొండవాలులో మూడు వందల మీటర్ల చదును చేసి కట్టిన పాత స్టేషన్‌ను ఏడు వందల మీటర్లకు సాగదీయాలంటే ఒక వైపు గుట్ట తవ్వాలి, ఇంకో వైపు కట్ట పోయాలి. ఇంజనీరు చేసే పని అప్పుడు ఒక్కటే. స్కాట్ సూత్రం తీసి, ఈ స్టేషన్ లేకపోయినా బండ్లు నడుస్తాయా అని చూస్తాడు. నడుస్తాయని తేలితే ఆ స్టేషన్ కొత్త ప్లాన్లో క్రాసింగు లేని ఒంటి గీత అవుతుంది.

‘మూత’ అనే మాటకు నాలుగు అర్థాలు

ఇక్కడే అందరూ పొరబడతారు. సిగ్నళ్లు, లూపు, టోకెన్ ఉండి లైన్ క్లియర్ ఇచ్చే స్టేషన్‌ను బ్లాక్ స్టేషన్ అంటారు. ఏ, బీ, సీ తరగతులు ఇవే. మన వైపు చూసినవన్నీ దాదాపు బీ. లైన్ క్లియర్‌తో సంబంధం లేకుండా బండి ఆగి జనాన్ని ఎక్కించుకునేవి డీ తరగతి. అందులో రైల్వే సిబ్బంది టికెట్లిస్తే ఫ్లాగ్ స్టేషన్, కమీషన్ మీద ఊరి మనిషే టికెట్లు అమ్మితే హాల్ట్. మొదటి మూత బ్లాక్ పని పోవడం. రెండోది సిబ్బంది పోయి హాల్ట్ కావడం. మూడోది బండ్లు ఆగడం మానడం, కాగితం మీద స్టేషన్ అలాగే ఉంటుంది. నాలుగోది పేరు కూడా పట్టికలోంచి తీసేయడం. ‘మా స్టేషన్ ఎప్పుడు మూశారు?’ అని అడిగితే ఊళ్లో నలుగురు నాలుగు ఏడాదులు చెబుతారు. నలుగురూ నిజమే చెబుతుంటారు.

బ్లాక్ పని తీసేసే రోజున ఏం జరుగుతుందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. టోకెన్ పెట్టెలు విప్పుతారు. అటూ ఇటూ ఉన్న రెండు సెక్షన్లను కలిపి ఒక్కటి చేస్తారు. లూపు పాయింట్లను బిగించి మేకులు కొడతారు, తర్వాత విప్పి తీసుకుపోతారు. సిగ్నల్ స్తంభం వెంటనే తీయలేకపోతే రెక్క మీద రెండు పట్టీలు అడ్డంగా గుణకారం గుర్తులా బిగిస్తారు, ‘ఇది లెక్కలో లేదు’ అని డ్రైవరుకు తెలియడానికి. స్టేషన్ పని నియమాల పుస్తకం రద్దవుతుంది, వర్కింగ్ టైమ్‌టేబుల్లో సవరణ వస్తుంది. టికెట్ల మూత ఇంకో రోజున, ఇంకో శాఖ చేస్తుంది. అట్ట టికెట్ల బీరువాలో ఏ ఊరికి ఏ నంబరు దాకా అమ్మారో చివరి నంబరు రాసి, మిగిలిన కట్టలు తిప్పి పంపి, నగదు తోలు సంచికి లక్క ముద్ర వేసి గార్డు పెట్టెలోని ఇనుప క్యాష్ సేఫ్‌లో వేస్తారు. ఆ రోజు రాసిన డైలీ ట్రెయిన్స్ క్యాష్ పుస్తకంలోని చివరి పేజీయే స్టేషన్‌కు మరణ ధ్రువపత్రం అనుకోవచ్చు.

హాల్ట్‌గా మారాక మొదలయ్యే జబ్బు లెక్కల జబ్బు. హాల్ట్ ఏజెంటు ముందుగా డబ్బు కట్టి దగ్గరి పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చుకోవాలి. వచ్చేది అమ్మకం మీద చిన్న కమీషన్. పది రూపాయల టికెట్ల మీద ఎంత వస్తుంది? కొన్నాళ్లకు పొద్దుటి బండికి వచ్చి సాయంత్రం బండికి రావడం మానేస్తాడు. టికెట్ దొరకని మనిషి ఊరికే ఎక్కేస్తాడు, లేదా దిగిన చోట కొంటాడు. ఇప్పుడు డివిజన్ ఆఫీసులో ఆ హాల్ట్ ‘ప్రయాణికుల సంఖ్య’ తీస్తే కనపడేది అక్కడ అమ్మిన టికెట్లే. తిరుపతిలో రానుపోను టికెట్ కొని వచ్చినవాళ్లు, సీజన్ పాసువాళ్లు, పక్క స్టేషన్లో కొన్నవాళ్లు, అక్కడ దిగినవాళ్లు ఎవరూ ఆ అంకెలో ఉండరు. నలభై మంది ఎక్కి దిగే చోట ఆరు టికెట్లు కనపడటం వింతేమీ కాదు. ఆ ఆరు చూసి ఒక బండి ఆపడం మానేస్తారు. ఒక బండి తగ్గితే తిరుగు ప్రయాణానికి బండి ఉండదు, దాంతో పోయేవాడు కూడా బస్సే ఎక్కుతాడు. ఆరు మూడవుతుంది. ఆ తర్వాత ‘ఆదాయం లేదు’ అన్న వాక్యం నిజమైపోతుంది.

2020 మార్చిలో ప్యాసింజర్ బండ్లన్నీ ఆగినప్పుడు ఈ ముడి ఒక్కసారిగా బిగిసింది. ఆ విరామంలోనే ఐఐటీ బాంబే సాయంతో జీరో బేస్డ్ టైమ్‌టేబుల్ అని మొత్తం వేళల పట్టికను కొత్తగా అల్లారు. జనం తక్కువ ఎక్కే చోట ఆగడం తీసేసి బండ్ల వేగం పెంచడం అందులో ఒక లక్ష్యం. బండ్లు తిరిగొచ్చినప్పుడు ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి. పది రూపాయలున్న కనీస ఛార్జీ ముప్పై అయింది, 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ పదికి దిగలేదు. ఇరవై కిలోమీటర్ల ప్రయాణికుడిని రైలు నుంచి బస్సుకు తోలడానికి ఇంతకన్నా గట్టి పద్ధతి ఇంకోటి లేదు.

నేల మీద ఆనవాళ్లు

మూతపడిన స్టేషన్‌ను బోర్డు లేకుండా గుర్తుపట్టడం కష్టం కాదు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు కల్వర్టు. ఒక్క పట్టా పోతున్న చోట కల్వర్టు గోడ రెండు మూడు పట్టాలకు సరిపడా పొడవుంటే, అక్కడ ఒకప్పుడు యార్డు ఉంది. కట్ట కూడా రెండు మూడు వందల మీటర్ల మేర ఒక వైపు ఉబ్బి, మళ్లీ సన్నబడుతుంది. రాతి ఒరలున్న గుండ్రటి బావి, దాని పక్కన నాలుగు స్తంభాల దిమ్మె ఉంటే నీళ్ల ట్యాంకు ఉండేది. కంచె రాళ్లకు బదులు పాత పట్టా ముక్కలు నిలువునా పాతి ఉంటాయి. వరుసగా ఒకే వయసున్న వేపలో నిద్రగన్నేర్లో కనపడతాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లలో తిరుపతి, పాకాల, చిత్తూరు 57 ఓ లోనూ, మదనపల్లె, పీలేరు 57 కె లోనూ వస్తాయి. పాత ముద్రణనూ కొత్త ముద్రణనూ పక్కన పెట్టి చూస్తే ఏ పేరు ఎప్పుడు రాలిందో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: స్టేషన్ మూతపడినా భూమి రైల్వేదే. అనుమతి లేకుండా తిరిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. లైను అవతల నుంచి ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

కాగితం చరిత్ర కావాలంటే ఒక చిక్కు ఉంది. యజమానులు మారారు. కంపెనీల నుంచి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడింది, 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేకు మారింది. ఒకే స్టేషన్ ఫైళ్లు మద్రాసులో కొన్ని, సికింద్రాబాదులో కొన్ని, గుంతకల్లులో కొన్ని ఉండవచ్చు. సమాచార హక్కు కింద పది రూపాయలతో అడిగేటప్పుడు ‘స్టేషన్ చరిత్ర ఇవ్వండి’ అని రాస్తే ‘సమాచారం లేదు’ అని వస్తుంది. బ్లాక్ పని తీసేసిన నోటీసు, హాల్ట్‌గా మార్చిన ఉత్తర్వు, చివరి ఐదేళ్ల నెలవారీ టికెట్ల సంఖ్య, ఆగే బండ్ల పట్టికలో సవరణలు, ఇలా కాగితం పేరు పెట్టి విడివిడిగా అడగాలి.

మళ్లీ బండి ఆపమని అడిగే ఊళ్లు చేసే తప్పు కూడా ఇలాంటిదే. ‘మా స్టేషన్ మాకు తిరిగివ్వండి’ అని అడుగుతారు. బ్లాక్ స్టేషన్ తిరిగి రాదు, దాని పని పోయింది. అడగాల్సింది హాల్ట్. ఒక వారం పాటు ప్రతి బండి వేళకూ దగ్గరి స్టేషన్‌కు మన ఊరి నుంచి పోయేవాళ్లను, వచ్చేవాళ్లను విడివిడిగా లెక్క రాసి, బస్సుల వేళలు, రోడ్డు దూరం జతచేసి, ఏజెంటుగా ఉండటానికి ఒప్పుకునే మనిషిని కూడా చూపిస్తే డివిజన్ కమర్షియల్ విభాగం దాన్ని పక్కన పడేయడం కష్టం. ‘ఆగితే బండికి మూడు నిమిషాలు పోతాయి’ అన్న పాత వాదన కూడా ఇప్పుడు అంత గట్టిది కాదు. కరెంటు మీద నడిచే మెమూ బండి ఇంజను బండి కన్నా త్వరగా వేగం అందుకుంటుంది.

తొందర పడాల్సిన కారణం ఒకటుంది. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు 2025 ఏప్రిల్ 9న కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయల అంచనాతో ఒప్పుకుంది. రెండో లైను పడితే ఎదురు క్రాసింగు అనేదే ఉండదు. వెనక నుంచి వచ్చే వేగం బండికి దారివ్వడానికి కొన్ని స్టేషన్లలో లూపులుంటే చాలు, మిగతావాటికి బ్లాక్ పని ఇంకోసారి తగ్గుతుంది. మీ ఊరి దగ్గర కొత్త కట్ట ఏ వైపు వస్తోందో, పాత ప్లాట్‌ఫారం ఉన్న వైపే అయితే దాన్ని తీసేశాక రెండు వైపులా కొత్తవి కట్టే జాగా ప్లాన్‌లో చూపించారో లేదో, ఒక లైను నుంచి ఇంకో వైపుకు దాటే దారి ఎక్కడ పెట్టారో ఇప్పుడే చూసుకోవాలి. కట్ట పోసి కంకర పరిచాక ప్లాట్‌ఫారం ఇరికించమంటే పని మళ్లీ స్థల సేకరణ దగ్గర మొదలవుతుంది.